గోడ మీది రెండో తెర

పొద్దున బయల్దేరే ముందు బీయున్ భర్తకి అదే మాట మళ్ళీ చెప్పింది.

"నువ్వు నాకు తెలీదు. నేను నీకు తెలీదు. అంతే. వైర్లు కలుపు, తెర వెలిగించు, వచ్చెయ్."

మావ్‌సెన్ గుమ్మం దగ్గర నిలబడి వానకోటు గుండీలు పెట్టుకుంటున్నాడు. వానల ఊరు లోతుంగ్‌లో ఆ కోటు పూర్తిగా ఆరే రోజు ఏడాదిలో ఎప్పుడో గాని రాదు. తడిగానే తొడుక్కోవడం ఇద్దరికీ అలవాటైపోయింది.

"మరి నిన్నేమని పిలవాలి?"

"అందరూ పిలిచినట్టే. కో మేడమ్ అని."

"కో మేడమ్," అని ఒకసారి అని చూసుకున్నాడు, కొత్త చెప్పు కాలికి సరిపోయిందో లేదో చూసుకున్నట్టు. "బాగానే ఉంది. ఇన్నేళ్ళు కాపురం చేసి, ఇవాళ పరిచయం చేసుకోవాలన్నమాట."

"వెటకారాలొద్దు. ఈ ఒక్కరోజు గువాయ్, సరేనా?"

గువాయ్ అనేది పిల్లలకి చెప్పే మాట. బుద్ధిగా ఉండు, మారాం చెయ్యకు అని. అనేశాక ఆమెకే అదోలా అనిపించింది. అతను మాత్రం నవ్వి సంచి మీద తట్టాడు. "గువాయ్ గువాయ్ సంచిలోనే ఉంది."

అతను అన్నది మొక్కజొన్న బొరుగుల ప్యాకెట్ గురించి. దాని పేరే అది. కంప్యూటర్ పని చేసేవాళ్ళెవరైనా సరే, పని అయ్యాక యంత్రం మీద ఆ ప్యాకెట్ ఒకటి పెట్టి వెళతారు, యంత్రం బుద్ధిగా ఉండాలని. పచ్చరంగుదే పెట్టాలి. మిగతా రంగులు పెడితే యంత్రం అలుగుతుందంటారు. దాన్ని తినకూడదు, గడువు దాటనివ్వకూడదు.

బీయున్, యో అనే డాక్టరు గారి కంటి ఆసుపత్రిలో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఆమె ఆ ఉద్యోగంలో చేరేనాటికి మావ్‌సెన్ శిన్‌చూలో ఒక పెద్ద కంపెనీలో ఇంజనీరు. శని, ఆదివారాలు మాత్రం ఇంటికి వచ్చేవాడు. ఆ సంగతి ఆమె సంతోషంగానే చెప్పుకుంది. డాక్టరు గారి భార్య ఇంకా సంతోషంగా వచ్చిన రోగులందరికీ చెప్పింది. తర్వాత ఆ కంపెనీలో అతని విభాగాన్ని మూసేశారు. అతను రెండు అట్టపెట్టెలతో ఇంటికి వచ్చాడు. ఇంకో ఉద్యోగం దొరికాక చెబుదాంలే అనుకుంది బీయున్. ఆ వయసులో ఉద్యోగం దొరకలేదు. అప్పటికి చెప్పే సమయం దాటిపోయింది. సోమవారం పొద్దున నర్సు పేయ్‌జున్, "బావగారు వెళ్ళారా అక్కా?" అని అడిగితే, "తెల్లవారుజాము రైలుకే వెళ్ళారు," అని చెప్పడం మొదలుపెట్టింది. మొదటిసారి గొంతు తడబడింది. తర్వాత అలవాటైంది.

ఆ వేళకి మావ్‌సెన్ స్కూటర్ మీద నూడుల్స్ కొట్లకీ, ఇనుప సామాను దుకాణాలకీ తిరిగి పాత కంప్యూటర్లు బాగుచేస్తుండేవాడు. కొత్తవి కొనుక్కోలేనివాళ్ళ యంత్రాల్లో డబ్బు కట్టక్కర్లేని లినక్స్ అనే వ్యవస్థ వేసి పెట్టేవాడు. ఆ జిల్లాలో బడిపిల్లలు కూడా దాని మీదే నేర్చుకున్నారు కాబట్టి ఎవరికీ కొత్త కాదు. దాని గుర్తు పెంగ్విన్ పక్షి. అందుకని జనం అతన్ని "పెంగ్విన్ మేస్త్రీ" అనేవారు.

ఆ పేరు పక్కవీధి మందుల షాపాయన ద్వారా డాక్టరు గారి భార్య చెవిన పడింది. "జియెన్ అని ఒక మేస్త్రీ ఉన్నాడట, గురువారం రమ్మన్నాను," అని ఆవిడ చెప్పినప్పుడు బీయున్ చేతిలో కంటిచుక్కల సీసా ఉంది. దాన్ని పెట్టాల్సిన అరలో కాక ఇంకో అరలో పెట్టింది. ఒకటే ధైర్యం. పెళ్ళయినా ఎవరి ఇంటిపేరు వాళ్ళదే. ఆమె కో, అతను జియెన్. లోతుంగ్‌లో వీధికి పదిమంది జియెన్‌లు.

*

పని చిన్నదే. కౌంటర్ లోపల ఒక తెర ఉంది. దాని మీద రోగుల పేర్లు, వేళలు ఉంటాయి. కౌంటర్ కిటికీ పైన గోడకి, హాల్లో కూర్చున్నవాళ్ళకి ఎదురుగా ఇంకో తెర పెట్టారు. దాని మీద ఇప్పుడు లోపలికి వెళ్ళాల్సిన నంబరు కనిపించాలి. రెండూ ఒకే కంప్యూటర్‌తో నడవాలి.

మావ్‌సెన్ వచ్చి, కోటు విప్పి గొడుగుల బుట్ట పక్కన తగిలించి, "నమస్కారం కో మేడమ్," అన్నాడు. మర్యాదగా, ఎక్కడా తొణకకుండా. బీయున్ తల ఊపింది.

గోడ మీది తెర వెలగలేదు. పేయ్‌జున్ కౌంటర్ మీద మోచేతులానించి చూస్తోంది.

"పాడైందా మేస్త్రీ?"

"తెర బంగారంలా ఉందమ్మా. లోపల బొమ్మ వేసే కార్డు ఉంటుంది చూడు, దాన్ని నడిపే ప్రోగ్రాంని డ్రైవర్ అంటాం, దాంతోనే చిక్కు. ఇప్పుడున్నది ఊరికే వచ్చింది, నలుగురూ కలిసి రాసింది. గుళ్ళో వంటకి వచ్చే సేవకుల్లాంటిది. ఒక పొయ్యి మీద చక్కగా వండుతుంది. రెండో పొయ్యి ముట్టించమంటే కంగారు పడుతుంది."

"మరెలా?"

"కార్డు చేసిన కంపెనీ వాళ్ళ సొంత డ్రైవర్ ఉంది. అది వేద్దాం. వాళ్ళ వంటవాడు రెండు పొయ్యిలూ నడుపుతాడు. కాకపోతే కుండలో ఏం వేస్తున్నాడో చూడనివ్వడు. మూత తీశామా, అలిగి వెళ్ళిపోతాడు."

"మా అత్త కూడా అంతే," అంది హాల్లోంచి తావ్ మామ్మ. ఆవిడ సంతలో ఉల్లికాడలు అమ్ముతుంది. శుక్లాల పరీక్ష కోసం కళ్ళలో చుక్కలు వేయించుకుని, ఏమీ కనపడక, గోడవైపు తిరిగి కూర్చుంది. "చచ్చేదాకా పులుసులో ఏం వేసేదో చెప్పలేదు మహాతల్లి."

హాలంతా నవ్వింది. బీయున్‌కి కూడా నవ్వు వచ్చింది. ఇంట్లో అతను ఇలా మాట్లాడి ఎన్నాళ్ళైందో అనుకుంది. ఆ వెంటనే నవ్వు ఆపేసుకుని కాగితాలు సర్దింది.

డాక్టరు గారి భార్య లోపలి నుంచి టీ పట్టుకొచ్చింది. "ఎక్కడ నేర్చుకున్నారు మేస్త్రీ ఇవన్నీ?"

"ఒక కంపెనీలో చేశానండీ."

"ఏ ఊళ్ళో?"

అతను టీ ఒక గుక్క తాగాడు. "అటు ఉత్తరానండీ."

"మా కో మేడమ్ వాళ్ళాయన కూడా శిన్‌చూలో ఇంజనీరే. ఆయనైతే ఇలాంటివి చిటికెలో చేసి పడేస్తాడు. కానీ అంతటివాణ్ణి పట్టుకుని ఈ వైర్ల పనికి ఎలా పిలుస్తాం చెప్పండి?"

"నిజమేనండీ," అన్నాడు మావ్‌సెన్. "పెద్దవాళ్ళని ఇబ్బంది పెట్టకూడదు."

బీయున్ కింద పడని పెన్ను కోసం వంగి, కాసేపు అక్కడే ఉండిపోయింది.

కొత్త డ్రైవర్ దిగింది. యంత్రం ఆగి, నల్లబడి, తెల్ల అక్షరాలు గబగబా పైకి పరుగెత్తి, మళ్ళీ లేచింది. లోపలి తెర వెలిగింది. గోడది అలాగే ఉంది. "వైరు సరిగ్గా కూర్చోలేదు," అని అతను స్టూలు ఎత్తుకుని హాల్లోకి నడిచాడు.

అప్పుడు చూసింది బీయున్. చొక్కా కుట్టు వీపు మీద చంక దగ్గర్నుంచి జానెడు విడిపోయి ఉంది. లోపలి బనీను కనబడుతోంది. పేయ్‌జున్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందు వరసలో కూర్చున్న సుంగ్ మాస్టారు, ఊళ్ళో సగం మందికి పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, కళ్ళజోడు సవరించుకుని మరీ చూశాడు.

మావ్‌సెన్ చెప్పులు విడిచి స్టూలెక్కాడు. కౌంటర్ కిటికీలోంచి ఇప్పుడు ఆమెకి అతని నడుము కింది భాగమే కనిపిస్తోంది. తడిసిన ప్యాంటు అంచులు, బూడిదరంగు మేజోళ్ళు. ఒకసారి కిందికి వంగి కిటికీలోకి చూశాడు.

"బీ..." అన్నాడు. "కో మేడమ్, కత్తెర ఉంటే ఇలా ఇస్తారా?"

ఒక్క అక్షరమే. ఎవరూ పట్టించుకున్నట్టు లేరు. బీయున్‌కి మాత్రం చెవుల దాకా వేడెక్కింది. కత్తెర ఇచ్చింది. కౌంటర్ దగ్గర ఫోను పట్టుకోకూడదని డాక్టరు గారి భార్య నియమం. కానీ రోగులు వేళలు అడగడానికి సందేశాలు పంపుతారు కాబట్టి, ఆ చాట్ ఎప్పుడూ కంప్యూటర్ మీద తెరిచే ఉంటుంది, బీయున్ సొంత ఖాతాతోనే. అందులో మావ్‌సెన్ పేరు తెరిచి టైపు చేసింది.

వెనక చొక్కా చిరిగింది. కోటు వేసుకో.

స్టూలు మీద నిలబడ్డ అతని జేబులో ఫోను గుర్రుమంది. అతని చేతులు రెండూ తెర వెనక ఉన్నాయి. తియ్యలేదు.

నా పేరు పెట్టి పిలవబోయావు. నావైపు చూడకు.

మళ్ళీ గుర్రుమంది. కాళ్ళు కదల్లేదు. ఆమెకి కోపం వచ్చింది. కోపంలో మనసులో ఉన్నది ఉన్నట్టే వచ్చేసింది.

నా మొగుడు పెద్ద ఇంజనీరని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ మొగుడివి నువ్వేనని తెలిస్తే నేనిక్కడ తలెత్తుకోలేను. త్వరగా ముగించుకుని వెళ్ళిపో.

పైన ఏదో టక్కుమని అమరింది.

హాల్లో మాటలు ఆగిపోయాయి. బీయున్ తలెత్తింది. అందరి మొహాలూ పైకి, ఆమె నెత్తి మీదకి ఉన్నాయి. తెర వెలిగిందన్నమాట, అనుకుంది. నంబరు చూస్తున్నారు.

"ఏం పడింది?" అంది తావ్ మామ్మ కళ్ళు చికిలించి. "వెలుతురు తెలుస్తోంది గాని అక్షరం తెలీట్లేదు. నా నంబరేనా? మాస్టారూ, చదివి పెట్టండి."

సుంగ్ మాస్టారికి ఏదైనా చదవమంటే కాదనే అలవాటు లేదు. ఏం చదువుతున్నాడో మనసుకి ఎక్కేలోగా నోరు మొదలెట్టేసింది. తరగతి గదిలో చదివినట్టు ప్రతి అక్షరమూ స్పష్టంగా చదివాడు. చొక్కా చిరిగింది దగ్గర్నుంచి. "...తెలిస్తే నేనిక్కడ తలెత్తుకోలేను," దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నబడి, ఆగిపోయింది.

బీయున్ లోపలి తెర వైపు చూసింది. ఆమె రాసిన మాటలు. వాటి పైన, అతని పేరు పక్కన గుండ్రటి చిన్న ఫొటో, కొండ మీద మంచులో ఒకే శాలువా కప్పుకుని ఆమె, మావ్‌సెన్. ఏం చేయాలో ఎవరూ చెప్పకపోతే ఆ కొత్త డ్రైవర్ రెండు తెరల మీదా ఒకే బొమ్మ వేస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పక్కర్లేదు.

కిటికీలో బూడిదరంగు మేజోళ్ళు కదలకుండా ఉన్నాయి. అతను ఆ అక్షరాలకి మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు.

"ఎవరి మొగుడు?" అంది తావ్ మామ్మ. "ఏమైంది? ఎవరూ పలకరేం?"

మేజోళ్ళు ఒకటొకటిగా కిందికి దిగాయి. మావ్‌సెన్ చెప్పులు తొడుక్కుని, కౌంటర్ చుట్టూ తిరిగి లోపలికి వచ్చాడు. "ఒక్క నిమిషం జరుగుతారా కో మేడమ్," అన్నాడు. పొద్దున గుమ్మం దగ్గర అని చూసుకున్నట్టే, అదే మెత్తదనంతో. మౌసు కదిపి, రెండు తెరల బొమ్మలున్న సెట్టింగ్ తెరిచి, ఒకదాని మీద పడి ఉన్న రెండోదాన్ని పక్కకి లాగి పెట్టాడు. గోడ మీంచి ఆమె మాటలు పోయాయి. నంబరు వచ్చింది.

అతను హాలు వైపు తిరిగాడు.

"క్షమించాలి. అక్షరాలు దూరానికి కనిపిస్తాయో లేదోనని పరీక్షకి నేనే ఏదో రాసి పెట్టాను. ముందు చెరపాల్సింది."

ఎవరూ నమ్మలేదు. అందరూ నమ్మినట్టు తలలూపారు. సుంగ్ మాస్టారు దగ్గి, "అక్షరాలు చాలా స్పష్టంగా ఉన్నాయి," అన్నాడు. అని, తనే తలదించుకున్నాడు. పేయ్‌జున్ దూది డబ్బా తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. డాక్టరు గారి భార్య అతని ఖాళీ టీ కప్పు చేత్తో పట్టుకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడింది.

మావ్‌సెన్ సంచిలోంచి పచ్చ ప్యాకెట్ తీసి కంప్యూటర్ మీద నిలబెట్టాడు. మార్కరుతో దాని మీద తేదీ వేశాడు. దాని కింద, చూసుకునేవారు అని రాసి, మార్కరు ఆమె ముందు పెట్టాడు.

"యంత్రం మొరాయిస్తే ఎవరిని పిలవాలో ఆ పేరు ఇక్కడ ఉండాలి మేడమ్. మీరు రాసుకోండి."

బీయున్ మార్కరు తీసుకుంది. హాలంతా ఎటో చూస్తోంది, అందరూ వింటున్నారు. రాయాల్సిన పేరేమిటో ఆమెకి తెలుసు. మార్కరుకి మూత పెట్టేసింది.

"తర్వాత రాస్తాను," అంది.

"అలాగే," అని అతను కోటు తొడుక్కున్నాడు. ఆమె చెప్పినట్టే, చిరుగు కనపడకుండా.

సాయంత్రం తలుపులు మూసేటప్పుడు డాక్టరు గారి భార్య దగ్గరికి వచ్చింది. "కో మేడమ్, నేను ఇందాక... ఆ మేస్త్రీతో ఏదో అన్నాను. తెలీక." అని, అంతకన్నా మాట దొరక్క, గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది బీయున్‌కి.

*

ఇంటికి వచ్చేసరికి మావ్‌సెన్ చేపముద్దల సూపు కాస్తున్నాడు. చొక్కా కుర్చీ వెనక ఆరేసి ఉంది. చిరుగు అప్పటికే కుట్టేసుకున్నాడు, నల్లదారంతో, వంకరటింకరగా. ఆమె ఆ కుట్టు మీద వేలు పెట్టి చూసింది.

"నేను కుట్టేదాన్ని కదా."

"వచ్చేసరికి అలిసిపోతావని." సూపు గిన్నె ముందు పెట్టాడు. "ఉప్పు చూడు."

ఆమె చూడలేదు. "అబద్ధం ఎందుకు చెప్పావు? నువ్వు రాశావని."

"నువ్వు బుద్ధిగా ఉండమన్నావుగా."

అతను ఎగతాళిగా అనలేదు. అలా అని ఉంటే ఆమె ఏదో ఒకటి తిరిగి అనేది. ఉల్లికాడలు తరిగి సూపులో వేస్తూ అతను మళ్ళీ అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. "మొదటి మాట చదవగానే, అయ్యో చొక్కా చిరిగిందా అనుకున్నాను. ఆ తర్వాతిది చదివాక, చొక్కా సంగతి మర్చిపోయాను."

ఆమె గిన్నెలోకి చూస్తూ కూర్చుంది.

"సూపు చల్లారుతోంది కో మేడమ్," అన్నాడు.

"అలా పిలవకు. పేరు పెట్టి పిలువు."

"ఎక్కడ?" అన్నాడు. "ఇంట్లోనా, అక్కడా?"

అతను జవాబు కోసం ఆగాడు. ఆమె చెంచా అందుకుని సూపులో తిప్పింది. అప్పుడు అతను తన గిన్నె తీసుకుని, వాన కొడుతున్న కిటికీ దగ్గర నిలబడి తాగాడు.

*

మర్నాడు బీయున్ అందరికన్నా ముందు వెళ్ళింది. కంప్యూటర్ వెలిగించింది. లోపలి తెర మీద పేర్లు, బయటి తెర మీద నంబరు, దేనిది దానికే వచ్చాయి. వాటి మధ్య పచ్చ ప్యాకెట్ ఆమెవైపు తిరిగి ఉంది. గువాయ్, గువాయ్. బుద్ధిగా ఉండు, బుద్ధిగా ఉండు.

మార్కరు తీసి, చూసుకునేవారు అన్న మాట కింద, జియెన్ మావ్‌సెన్ అని రాసింది. కాసేపు ఆగింది. అక్కడితో ఆపితే అది మేస్త్రీ పేరే. ఎవరూ ఏమీ అనుకోరు. దాని కింద చిన్న అక్షరాల్లో, కో బీయున్ భర్త, అని రాసింది. చిన్నగా రాసినందుకు సిగ్గేసి, మళ్ళీ దాని మీదే మార్కరుతో దిద్ది లావు చేసింది. ప్యాకెట్‌ని కిటికీ వైపు, హాలు వైపు తిప్పి పెట్టింది.

పేయ్‌జున్ వచ్చి, చూసి, "గుడ్ మార్నింగ్ అక్కా," అని మాత్రం అంది. సోమవారం అడిగే ప్రశ్న ఇక అడగదని ఇద్దరికీ తెలుసు.

మొదటి నంబరు తావ్ మామ్మదే. చుక్కల మందు ప్రభావం పోయి కళ్ళు తేటగా ఉన్నాయి. తెర మీది నంబరు తనే చదువుకుని మురిసిపోయింది. ఆసుపత్రి కార్డు ఇవ్వడానికి కిటికీలోకి వంగి, ప్యాకెట్ చూసి, ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ హాలంతా వినేట్టు చదివింది.

"జియెన్ మావ్‌సెన్. కో బీయున్ భర్త. ఓహో! ఆ పెంగ్విన్ మేస్త్రీ మీ ఆయనా? అదే అనుకున్నా. పనివాళ్ళెవరూ మేడమ్ అని అంత మెత్తగా పిలవరమ్మా. కళ్ళు కనపడకపోతే చెవులు బాగా పనిచేస్తాయి." కార్డు ఇస్తూ ఆగింది. "నిన్న మాస్టారు చదివింది కూడా ఇదేనా? మధ్యలో ఆపేశారు, నాకేం అర్థం కాలేదు. ఎవరో పరీక్షకి రాశారన్నారు."

హాల్లో అప్పటికి నలుగురైదుగురు ఉన్నారు. డాక్టరు గారి భార్య గొడుగు దులుపుతూ గుమ్మంలో నిలబడింది. బీయున్ మొహం కాలిపోతోంది. కిందికి వంగడానికి పెన్ను ఏదీ పడలేదు.

"అది వేరే మామ్మా," అంది. "పరీక్షకి కాదు. ఆయన రాసింది కాదు. నేనే రాశాను."

"ఏమని రాశావేమిటి?"

బీయున్ కార్డు మీద ముద్ర వేసి, మామ్మ చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా, నిన్న తెర మీద పడ్డ ప్రతి మాటా హాలంతా వినేట్టు చెప్పింది.